పెద్ద కాన్ఫరెన్స్ అంటే పెద్ద స్కాలర్‌షిప్ అని కాదు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉండి టెన్నిస్ ఆడుతోంది. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. అమెరికాలో బయోటెక్నాలజీ చదవాలని ఆశ. ముగ్గురు కాలేజీ కోచ్‌లు మాట్లాడుతున్నారు. బిగ్ టెన్ అనే ఆటల కాన్ఫరెన్స్‌లో ఉన్న ఒక స్టేట్ యూనివర్సిటీ సగం స్కాలర్‌షిప్ ఇస్తానంటోంది. కొత్తగా ఏసీసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో చేరిన కాలిఫోర్నియా యూనివర్సిటీ 70 శాతం అంటోంది. మూడోది పెద్దగా పేరు లేని చిన్న కాన్ఫరెన్స్‌లోది, పూర్తిగా ఇస్తామన్నారు. న్యూజెర్సీలో ఉండే మా మరిది మాత్రం "ఆ కాలిఫోర్నియా వాళ్లకి ఏసీసీలో వాటా మూడో వంతు కూడా రాదు, బిగ్ టెన్‌కే పంపండి వదినా" అంటున్నాడు. టీవీ డబ్బుల వాటాకీ మా పాప చదువుకీ ఏమిటి సంబంధం? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, విజయవాడ)

అమ్మా, మీ మరిది చెప్పిన లెక్క నిజమే, దాని మీద ఆయన తీసుకున్న నిర్ణయంతోనే నాకు పేచీ. ముందు ఆ లెక్క ఏమిటో చెప్తాను, కోచ్‌లని మీరు ఏం అడగాలో అందులోంచే వస్తుంది.

అమెరికా యూనివర్సిటీలు ఆటల కోసం జట్టుగా చేరి ఉంటాయి, వాటినే కాన్ఫరెన్స్‌లు అంటారు. టీవీ కంపెనీలతో బేరం చేసేది కాన్ఫరెన్స్, ఆ డబ్బులో సింహభాగం వచ్చేది వాళ్ల ఫుట్‌బాల్ మీద. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ పశ్చిమ తీరపు పాక్-12 కాన్ఫరెన్స్‌ని వదిలి బిగ్ టెన్‌కి వెళ్తున్నామని ప్రకటించాయి. ఏడాది తిరిగేసరికి, 2023 ఆగస్టు 4 ఒక్కరోజే, మరో ఐదు యూనివర్సిటీలు బయటికి వెళ్లిపోయాయి. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. వందేళ్లకి పైబడిన కాన్ఫరెన్స్ అలా చెదిరిపోయింది. చివరికి మిగిలిన నాలుగింటిలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలకి ఆ సెప్టెంబరులో ఏసీసీ చోటిచ్చింది, అదీ షరతుల మీద. ఏడేళ్ల పాటు మామూలు సభ్యుడికి వచ్చే దాంట్లో 30 శాతమే, ఎనిమిదో ఏట 70, తొమ్మిదో ఏట 75, పదో ఏట గానీ పూర్తి వాటా రాదు. వాటితో పాటే చేరిన డల్లాస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అసలు వద్దని ఒప్పుకుని లోపలికి వచ్చింది. నడుస్తున్న వ్యాపారంలో ఆలస్యంగా చేరిన భాగస్వామి తక్కువ వాటాకి తల ఊపినట్టే.

బిగ్ టెన్‌లో కూడా అందరికీ సమానం కాదు. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మొదటి రోజు నుంచే పూర్తి వాటాతో చేరాయి, ఒరెగాన్, వాషింగ్టన్ మాత్రం ఏడాదికి 30 మిలియన్ డాలర్లతో మొదలై ఏటా ఒక మిలియన్ చొప్పున పెరిగే వాటాకి ఒప్పుకున్నాయి. అదే కాన్ఫరెన్స్‌లో పాత సభ్యులకి 60 మిలియన్లు దాటుతోంది. అంటే "బిగ్ టెన్ కాలేజీ" అనే మాట ఒక్కటే వింటే, ఆ కాలేజీ చేతికి ఎంత వస్తుందో కూడా తెలియదు. ఏసీసీ ఇంకో అడుగు ముందుకేసింది. దాని సభ్యులైన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకెక్కాక 2025 మార్చిలో రాజీ కుదిరింది, టీవీ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఎవరి మ్యాచ్‌లు ఎంతమంది చూశారన్న లెక్కన పంచుతున్నారు. నాకు ఇది మంచి దారి అనిపించదు. ఉన్నవాడికే ఇంకా పెట్టే పద్ధతి ఇది, దీని భారం చివరికి టెన్నిస్, ఈత, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల పిల్లల మీదే పడుతుంది.

అలాగని వాటా ఎక్కువ వచ్చే చోట టెన్నిస్‌కి భద్రత ఉంటుందా అంటే, ఉండదు. 2020లో అబ్బాయిల టెన్నిస్ జట్లని రద్దు చేసినవాటిలో అయోవా, మిన్నెసోటా ఉన్నాయి, రెండూ బిగ్ టెన్‌లో పూర్తి వాటా తీసుకునే పాత సభ్యులే. అదే ఏడాది జులైలో స్టాన్‌ఫర్డ్ 11 ఆటలు ఎత్తేస్తామని చెప్పి, పూర్వ విద్యార్థులు గట్టిగా నిలబడ్డాక 2021 మేలో వెనక్కి తగ్గింది. చిన్నచోట్లా ఇదే భయం ఉంది. కాలిఫోర్నియాలోని కాల్ పాలీ యూనివర్సిటీ 2025 మార్చిలో ఈత జట్లని మూసేసింది. ఎక్కువ వచ్చినచోట ఖర్చూ ఎక్కువే, ఆ ఖర్చు ఫుట్‌బాల్ వైపే పోతుంది. 2025 జులై నుంచి ఒక కొత్త ఒప్పందం కింద యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 20.5 మిలియన్ డాలర్లు. పెద్ద కాన్ఫరెన్స్‌లలో చాలా చోట్ల అందులో ముప్పాతిక వంతు ఫుట్‌బాల్‌కే.

ఆ డబ్బులో మీ పాపకీ కొంత వస్తుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి ఆటకి జీతంలాంటి డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు రాతపూర్వకంగా సరే అంటే తప్ప ఒక్క డాలర్ కూడా ముట్టుకోకూడదు.

మీకు నిజంగా తగిలే మార్పు ఇంకొకటి ఉంది. ఇదివరకు పెద్ద డివిజన్‌లో, అంటే డీ-1లో, అమ్మాయిల టెన్నిస్‌కి స్కాలర్‌షిప్ ఇస్తే పూర్తిగా ఇవ్వాల్సిందే, జట్టుకి 8 మంది వరకు. ఇందాక చెప్పిన కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో ఇప్పుడు ఆ 8 లెక్క లేదు, జట్టులో 10 మందికి మించకూడదు, ఆ 10 మందికీ ఎంత కావాలంటే అంత ముక్కలు చేసి ఇవ్వొచ్చు. మీకు సగం, 70 శాతం అని వస్తున్నది అందుకే. పాత సీనియర్ల మాట విని "డీ-1 అంటే ఫుల్ స్కాలర్‌షిప్" అనుకునే తల్లిదండ్రులు ఇక్కడే దెబ్బ తింటున్నారు.

ఇప్పుడు మీ మూడు ఆఫర్లు. బిగ్ టెన్ స్టేట్ యూనివర్సిటీలో బయటి రాష్ట్రం ఫీజు, హాస్టల్, భోజనం కలిపి చూస్తే మిగతా సగం ఏడాదికి పాతిక లక్షల రూపాయల దరిదాపుల్లో మీ మీద పడుతుంది, నాలుగేళ్లకి కోటి. పైగా స్కాలర్‌షిప్‌లో వసతికి, భోజనానికి ఇచ్చే భాగం మీద విదేశీ విద్యార్థులకి మామూలుగా 14 శాతం పన్ను పట్టుకుంటారు, అదీ లెక్క వేసుకోండి. కాన్ఫరెన్స్ పేరు కోసం అంత అప్పు చేయొద్దని గట్టిగా చెప్తున్నాను. ఆ ఆఫర్ నా లెక్కలో ఆఖరిది.

ఏసీసీలో చేరిన కాలిఫోర్నియా యూనివర్సిటీలు రెండే, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ. మీ పాపకి వచ్చింది ఏదైనా సరే, బయోటెక్ చదువుకి ఆ రెండూ ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా కంటే మంచి చోటు నాకు తెలియదు. కంపెనీలూ ల్యాబ్‌లూ అక్కడే, చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఒక సంవత్సరం, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోవ) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు దొరుకుతాయి. కాన్ఫరెన్స్ ఆ యూనివర్సిటీకి 30 శాతమే ఇస్తోందన్న సంగతి ఆమె డిగ్రీ మీద ఎక్కడా కనిపించదు. ఆటకీ మంచి పేరున్న చోట్లే, నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండు సీజన్లు ఆడాకే ప్రొఫెషనల్‌గా మారాడు. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏసీసీ అంటే ఎక్కువ సభ్యులు తూర్పు తీరంలో ఉంటారు. నార్త్ కరోలినాకో బోస్టన్‌కో వెళ్లి ఆడి రావాలంటే దేశం ఈ కొస నుంచి ఆ కొసకి ప్రయాణం, మూడు గంటల టైమ్ తేడా, అదీ ల్యాబ్‌లు జోరుగా నడిచే వసంతకాలం సెమిస్టర్‌లో. అందుకే కోచ్‌ని సూటిగా అడగండి: పోయిన సీజన్‌లో జట్టు ఎన్ని రోజుల క్లాసులు పోగొట్టుకుంది, బయాలజీ చదివే అమ్మాయిలు జట్టులో ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లతో ఒకసారి మాట్లాడించగలరా. ఈ చివరిదానికి కోచ్ నసిగితే దాన్నే జవాబుగా తీసుకోండి.

మిగతా 30 శాతం అంటే ఏడాదికి ఇరవై లక్షలు పైనే. ఇల్లు తాకట్టు పెట్టకుండా మీరు భరించగలిగితే అక్కడికే పంపండి. భరించలేకపోతే మొహమాటం లేకుండా మూడోదానికి వెళ్లండి. పూర్తి స్కాలర్‌షిప్ మీద అప్పు లేకుండా డిగ్రీ చేసి, దగ్గరి ఊళ్లలోనే మ్యాచ్‌లు ఆడుతూ మంచి గ్రేడ్లు తెచ్చుకున్న పిల్లకి ఎంఎస్‌కో పీహెచ్‌డీకో ఆ బర్క్‌లీయే తలుపు తీయొచ్చు. అయితే చిన్న కాలేజీ కాబట్టి టెన్నిస్ జట్టు మూసేస్తే స్కాలర్‌షిప్ ఏమవుతుందన్నది ముందే తేల్చుకోవాలి. చాలా యూనివర్సిటీలు చదువు పూర్తయ్యేవరకు కొనసాగిస్తామంటాయి, మీది అలా అంటుందో లేదో కాగితం మీద చూడండి.

ఎవరితోనైనా సరే, నోటిమాట మీద ఆగకండి. స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా, ఇప్పుడు మాట్లాడుతున్న కోచ్ వేరే చోటికి వెళ్లిపోతే ఉంటుందా, ఈ మూడూ ఒప్పందంలో రాసి ఉండాలి. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024 అక్టోబరులో తీసేశారు, ఇప్పుడు చేతిలో ఉండేది ఆర్థిక సహాయం ఒప్పందం ఒక్కటే. కాలిఫోర్నియా కోచ్‌ని ఇంకో ప్రశ్న కూడా అడగండి: రెండో ఏడాది సీనియర్లు వెళ్లిపోయాక 70ని 100 చేస్తారా, చేస్తే ఇప్పుడే రాసిస్తారా. మూడో కోచ్‌కి మాత్రం నిజం చెప్పి, ఏ తేదీలోగా జవాబిస్తారో చెప్పండి. జట్టులో ఉండే చోట్లే కొన్ని, మీరు నానిస్తే వేరే అమ్మాయికి వెళ్లిపోతుంది.

ఈలోగా కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్‌లో పాప పేరు నమోదు చేయించండి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల మెమోలు కావాలి, కోర్ సబ్జెక్టులు 16 లెక్కకి రావాలి. స్కూలు మారిన పిల్లలకి తొమ్మిది, పది మెమోలు దొరకడమే ఆలస్యం అవుతుంది, ముందు ఆ పని మీద వెళ్లండి.