బోట్రిల్లస్ పిండాలు ఎక్కడికి పోయాయి?

గాజు పలక మీది మీ బోట్రిల్లస్ (గట్టి ఉపరితలాలకు అతుక్కుని గుంపుగా బతికే చిన్న సముద్ర జీవి) కాలనీలో గుడ్లు కనిపించి, వారానికి మాయమయ్యాయంటే అది జబ్బు కాకపోవచ్చు. ఆలస్యంగా చూసి ఉంటారు. 18–20 డిగ్రీల నీటిలో ఒక తరం జూయిడ్లు, అంటే కాలనీలోని ఒక్కో చిన్న జీవి, దాదాపు వారమే బతికి కరిగిపోతాయి. పిండాలు తల్లి జూయిడ్ లోపలే, మొప్పల బుట్ట పక్కన ఉండే గదిలో పెరిగి, తల్లి కరిగిపోకముందే తోక ఉన్న లార్వాలై ఈదుకుంటూ వెళ్లిపోతాయి.

1. చాలామంది వదిలేసేది రోజుల లెక్క. కొత్త జూయిడ్లు నోరు తెరిచిన రోజును ఒకటో రోజుగా రాసుకోండి. అప్పటి నుంచి రోజూ పలకను తిప్పి, అడుగు వైపు నుంచి చూడండి. మొదట గుండ్రటి ముద్దలు ఉంటాయి. చివర్లో ఒంటిని చుట్టుకున్న తోక, ఒక నల్ల చుక్క స్పష్టంగా కనిపిస్తాయి. ఆ చుక్క కనిపించాక గిన్నె దగ్గరే ఉండండి.

2. పక్కన మరో కాలనీ ఉందా? గుడ్లు సొంత వీర్యం కంటే ముందే సిద్ధమవుతాయి కాబట్టి పక్క కాలనీ వీర్యం కావాలి. ఒంటరి కాలనీలో అవి ఫలదీకరణ కాకుండానే కరిగిపోవచ్చు.

3. మీది బోట్రిల్లస్‌కు దగ్గరి బంధువైన బోట్రిల్లాయిడిస్ వయోలేసియస్ అయితే కథ వేరు. తల్లి కరిగిపోయినా పిండాలు జూయిడ్లను కలిపి ఉంచే కాలనీ జెల్లీలోని సంచిలో నెలకు పైగా పెరుగుతాయి. జూయిడ్లు పోయాయని పలక కడిగేయకండి.