అక్యూజ్, బ్లేమ్, క్రిటిసైజ్: ఏది ఎక్కడ?

మీ నివేదిక బాగోలేదని మేనేజర్ అంటే, 'నన్ను అక్యూజ్ చేశారు' అని మీరు పై అధికారికి మెయిల్‌లో రాశారు. ఆయన కంగారుపడి విచారణ అన్నారు. ఆయన కంగారు సహజమే. మనం 'తప్పుపట్టారు' అనే ఒక్క మాటతో సరిపెట్టే చోట ఇంగ్లీషువారికి వేర్వేరు మాటలున్నాయి.

ఆఫీసు రహస్యం బయటికి పొక్కిందనుకోండి. అది తప్పని వేరే చెప్పనక్కర్లేదు. ఆ పని చేసింది మీరేనంటే అక్యూజ్. నివేదిక రాసింది మీరేనని అందరికీ తెలుసు. అది బాగోలేదంటే క్రిటిసైజ్. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్‌మోర్ చూపిన తేడా ఇది. ఇంతకు మించిన కొలమానం నాకు దొరకలేదు. జరిగిన నష్టానికి బాధ్యులు మీరంటే బ్లేమ్.

అక్యూజ్ వెంట 'ఆఫ్' వస్తుంది. బ్లేమ్‌కూ క్రిటిసైజ్‌కూ 'ఫర్', పోలీసులు మోపే చార్జ్‌కు 'విత్'. బ్లేమ్ పక్కన 'ఆఫ్' మాత్రం ఎప్పుడూ పెట్టకండి. 'తప్పు నా మీదకు నెట్టారు' అన్న మన వాక్యం బ్లేమ్‌తో ఎంత చక్కగా కుదురుతుందో చూడండి: 'బ్లేమ్డ్ ఇట్ ఆన్ మీ'. ఆ 'ఆన్' అచ్చంగా మన 'మీద'.

మీకు కావలసింది క్రిటిసైజ్. మెయిల్‌ను ఈరోజే సరిదిద్ది పంపండి. అక్యూజ్ అన్న మాట రికార్డులో ఉండిపోతే మేనేజర్ గారికీ ఇబ్బందే.