కెర్నెల్ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అంటుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉబుంటు 22.04లో కెర్నెల్ అప్‌గ్రేడ్ సగంలో ఆగింది. ‘లినక్స్-హెడర్స్-జెనరిక్’కి డిపెండెన్సీలు (దానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) కుదరలేదంటోంది. ప్యాకేజీలు తెచ్చి పెట్టే ‘ఆప్ట్’ కమాండ్ చెప్పిన ‘ఫిక్స్-బ్రోకెన్’ కొడితే అదీ అక్కడే ఆగుతోంది. పోనీ పాత ప్యాకేజీ ఏదైనా తీసేద్దామంటే ముందు ఫిక్స్-బ్రోకెన్ పూర్తి చేయమంటోంది.

అన్నిటికన్నా ముందు, ఇది తేలేదాకా రీబూట్ చేయకండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌కి ఏ హానీ జరగలేదు. కానీ కొత్త కెర్నెల్ ఫైలు /బూట్‌లోకి వచ్చేసి, దాని ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కావలసిన డ్రైవర్లుండే ఫైలు) తయారు కాకుండా ఆగిపోయి ఉంటే, కెర్నెల్‌ని లోడ్ చేసే గ్రబ్ ఆ కొత్తదాన్నే ఎంచుకోవచ్చు. అప్పుడు రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాక కెర్నెల్ ప్యానిక్ వస్తుంది. పొరపాటున రీబూట్ అయిపోతే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకుంటే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. ఆప్ట్ చివర్లో చూపించే జాబితా దాదాపు ఎప్పుడూ ఫలితమే, కారణం కాదు. ‘లినక్స్-జెనరిక్’ అనేది ఖాళీ ప్యాకేజీ, దానికి సొంత సరుకేమీ ఉండదు. అది ‘లినక్స్-ఇమేజ్-జెనరిక్’నీ ‘లినక్స్-హెడర్స్-జెనరిక్’నీ సరిగ్గా తన వెర్షన్‌తోనే కావాలంటుంది. ఆ రెండూ మళ్లీ ఫలానా నంబరు ఉన్న అసలు ఇమేజ్ (కెర్నెల్ ఫైలు), అసలు హెడర్లు (బయటి డ్రైవర్లు కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు) కావాలంటాయి. అడుగున ఒక్కటి కాన్ఫిగర్ కాకపోయినా పైనున్నవన్నీ ‘డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ - లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్’ అంటూ వరసగా ఆగిపోతాయి. తెరమీద నాలుగు పేర్లు కనిపిస్తాయి, దోషి ఒక్కటే. కాబట్టి చివరి వరస చదివి గూగుల్ చేయకుండా, మొదట ఎర్రర్ వచ్చిన వరస పట్టుకోండి. తెర మీంచి పైకి వెళ్లిపోయి ఉంటే ఈ ఫైల్లో మొత్తం ఉంటుంది:

/వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్

ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలని నిజంగా ఇన్‌స్టాల్ చేసేది డీపీకేజీ. ఏ ప్యాకేజీలు సగంలో ఉన్నాయో ‘సుడో డీపీకేజీ --ఆడిట్’ చెబుతుంది. ఇక లాగ్‌లో ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ కనిపిస్తే ఒక దారి, ‘డీకేఎంఎస్’ (బయటి డ్రైవర్లని ప్రతి కెర్నెల్‌కీ కంపైల్ చేసేది) పేరు కనిపిస్తే ఇంకో దారి, రెండూ లేకపోతే రిపాజిటరీల (ప్యాకేజీలు దిగే సర్వర్ల) గొడవ. మీ లక్షణాలు చూస్తే, ముఖ్యంగా ఏదీ తీయనివ్వడం లేదంటున్నారు కాబట్టి, మొదటిదే ఎక్కువ అనుమానం.

‘డీఎఫ్ -హెచ్ /బూట్’ కొట్టి చూడండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న ఇన్‌స్టలేషన్లలో /బూట్ వేరే పార్టిషన్‌గా చిన్నదిగా ఉంటుంది. ఒక్కో ఇనిట్‌ఆర్‌డీ వంద ఎంబీ అటూ ఇటూ తింటుంది, ఎన్‌విడియా లాంటి మాడ్యూళ్లు చేరితే ఇంకా పెరుగుతుంది. పైగా ఇనిట్‌ఆర్‌డీని తయారుచేసే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ముందు ‘.న్యూ’ అనే తోకతో కొత్త ఫైలు రాసి, అది పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెడుతుంది. అంటే ఉన్న ఇనిట్‌ఆర్‌డీని తిరిగి తయారు చేయడానికి కూడా ఇంకొక ఇనిట్‌ఆర్‌డీ పట్టేంత ఖాళీ కావాలి. డీఎఫ్‌లో కాస్త ఖాళీ కనిపించినా ఫెయిలవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఆప్ట్ చిక్కుముడిలో పడుతుంది: ఖాళీ చేయాలంటే ప్యాకేజీ తీయాలి, తీయాలంటే డిపెండెన్సీలు సరిగ్గా ఉండాలి, అవి సరిగ్గా ఉండాలంటే ఖాళీ కావాలి. దీన్ని డీపీకేజీతో విడదీయాలి, ఎందుకంటే అది తీయమన్న ప్యాకేజీల లెక్క మాత్రమే చూస్తుంది, మిగతా సిస్టమ్‌లో ఏం విరిగి ఉందో పట్టించుకోదు. ముందు ఈ రెండూ చూసుకోండి:

యూనేమ్ -ఆర్
డీపీకేజీ -ఎల్ 'లినక్స్-ఇమేజ్-*'

మొదటిది చూపించే కెర్నెల్‌ని ముట్టుకోకండి. రెండోదానిలో ‘ఐఐ’ అని ఉన్నవి పూర్తిగా ఇన్‌స్టాల్ అయినవి. ‘ఆర్‌సీ’ అని ఉన్నవి ఎప్పుడో తీసేసినవి, వాటివల్ల స్థలం కలిసిరాదు. ‘ఐఐ’ ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతదాన్ని ఎంచుకుని, దాని మూడు ప్యాకేజీలనీ ఒకే కమాండ్‌లో తీసేయండి. ఉదాహరణకి పాతది 5.15.0-88 అయితే:

సుడో డీపీకేజీ --పర్జ్ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-5.15.0-88-జెనరిక్ లినక్స్-ఇమేజ్-5.15.0-88-జెనరిక్ లినక్స్-మాడ్యూల్స్-5.15.0-88-జెనరిక్

మూడూ కలిపి ఎందుకంటే, ఎక్స్‌ట్రా ప్యాకేజీ ఇమేజ్ మీద, ఇమేజ్ మాడ్యూల్స్ మీద ఆధారపడి ఉంటాయి. విడివిడిగా, క్రమం తప్పి ఇస్తే డీపీకేజీ కాదంటుంది, ఒకేసారి ఇస్తే క్రమం అదే చూసుకుంటుంది. హెడర్లు ఉండేది /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీలో, వాటిని తీసినా /బూట్‌లో ఒక్క బైటూ ఖాళీ అవదు. అయితే రూట్ పార్టిషన్‌లో స్థలం ఉన్నా ‘నో స్పేస్’ అంటుంటే ‘డీఎఫ్ -ఐ’ చూడండి. పాత హెడర్లలో చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకీ ఒకటి ఖర్చయ్యే నమోదులు) అయిపోవడానికి తరచూ అవే కారణం.

/బూట్‌లోంచి ఫైళ్లని ‘ఆర్‌ఎమ్’తో చేత్తో తీసేయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. వద్దు. డీపీకేజీ లెక్కలో ఆ కెర్నెల్ ఉన్నట్టే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా అన్ని కెర్నెళ్లకీ ఇనిట్‌ఆర్‌డీ తయారయ్యే సందర్భం వస్తే మళ్లీ అదే ఫైలు పుట్టుకొచ్చి /బూట్ నిండుతుంది.

స్థలం దొరికాక ఈ వరసలోనే:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్

మొదటిది ఇప్పటికే విప్పి ఉన్నవాటిని పూర్తి చేస్తుంది, కొత్తవేవీ తేదు. అది శుభ్రంగా ముగిశాకే రెండోది కొట్టండి.

పాత కెర్నెళ్లు ‘ఆటోరిమూవ్’తో ఎందుకు పోలేదన్న సందేహం రావాలి. వాటిని ఎప్పుడో నంబరుతో సహా పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆప్ట్ వాటికి ‘మాన్యువల్’ గుర్తు వేస్తుంది, అలాంటివాటి జోలికి ఆటోరిమూవ్ పోదు. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ జాబితాలో నంబరున్న కెర్నెల్ పేర్లు కనిపిస్తే ‘ఆప్ట్-మార్క్ ఆటో’తో గుర్తు మార్చండి. /బూట్ మరీ చిన్నదైతే /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్ ఫైల్లో ‘మాడ్యూల్స్=మోస్ట్’ని ‘మాడ్యూల్స్=డెప్’గా మారిస్తే ఇనిట్‌ఆర్‌డీ బాగా తగ్గుతుంది. కాకపోతే అందులో ఈ మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే ఉంటాయి, రేపు డిస్క్ ఇంకో మెషీన్‌కి మారిస్తే బూట్ కాకపోవచ్చు. సర్వర్లకి నేనైతే దీన్ని సిఫారసు చేయను.

రెండో దారి డీకేఎంఎస్. వర్చువల్‌బాక్స్, ఎన్‌విడియా, కొన్ని వైఫై డ్రైవర్లు కెర్నెల్ బయట ఉంటాయి కాబట్టి ప్రతి కొత్త కెర్నెల్‌కీ మళ్లీ కంపైల్ అవ్వాలి. ఆ పని కెర్నెల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టు చేస్తుంది. మాడ్యూల్ కంపైల్ కాకపోతే ఆ స్క్రిప్టు ఎర్రర్‌తో బయటికొస్తుంది, దాంతో ఏ పాపం ఎరగని కెర్నెల్ ప్యాకేజీ ఫెయిలైనట్టు నమోదవుతుంది, ఆపైన ఇందాక చెప్పిన గొలుసంతా ఆగుతుంది. తెరమీద డిపెండెన్సీ గొడవలా కనిపించేది నిజానికి సీ కంపైలర్ ఎర్రర్ అన్నమాట.

‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టి ఏ మాడ్యూల్ ఏ కెర్నెల్‌కి తయారవలేదో చూడండి. కారణం /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ మాడ్యూల్ పేరు, వెర్షన్, ఆ తర్వాత ‘బిల్డ్’ డైరెక్టరీలో ‘మేక్.లాగ్’లో ఉంటుంది. అక్కడా మొదటి ‘ఎర్రర్’ అన్న వరసే ముఖ్యం. సాధారణంగా కనిపించేవి రెండు. ఒకటి, ఫలానా ఫంక్షన్ లేదనో, దానికిచ్చే ఆర్గ్యుమెంట్లు సరిపోలేదనో అంటుంది. కెర్నెల్ లోపలి ఏపీఐ మారింది, మీ డ్రైవర్ పాతది అని దానర్థం. డ్రైవర్ కొత్త వెర్షన్ తప్ప వేరే మందు లేదు. రెండోది, 22.04 వాడేవాళ్లకి బాగా తగిలింది: ‘అన్‌రికగ్నైజ్డ్ కమాండ్-లైన్ ఆప్షన్’ అంటూ ‘-ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో’ని చూపిస్తుంది. 22.04లో డిఫాల్ట్ సీ కంపైలర్ జీసీసీ 11. హెచ్‌డబ్ల్యూఈ (పాత రిలీజ్‌కి కొత్త కెర్నెళ్లు ఇచ్చే ఉబుంటు ఏర్పాటు) ద్వారా వచ్చిన 6.5 కెర్నెల్‌ని మాత్రం జీసీసీ 12తో కట్టారు. ఆ ఆప్షన్ జీసీసీకి 12తోనే వచ్చింది, 11కి తెలియదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12’ చేసి డీపీకేజీ కాన్ఫిగర్ మళ్లీ నడిపితే చాలు. డిపెండెన్సీలు విరిగి ఉన్నందువల్ల అది ఇన్‌స్టాల్ కానంటే, ఆ మాడ్యూల్‌ని తాత్కాలికంగా తప్పించండి:

సుడో డీకేఎంఎస్ రిమూవ్ మాడ్యూల్‌పేరు/వెర్షన్ --ఆల్

ఆ తర్వాత కాన్ఫిగర్ పూర్తిచేసి, కంపైలర్ వేసుకుని, డ్రైవర్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. తప్పిస్తున్నది ఎన్‌క్రిప్షన్‌కో, జెడ్‌ఎఫ్‌ఎస్ రూట్‌కో సంబంధించినదైతే మాత్రం ఈ పని చేయకండి, తర్వాతి బూట్ దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇక మూడోది, నిజమైన డిపెండెన్సీ గొడవ. ఇక్కడ ఆప్ట్ మాటల్లో తేడా గమనించాలి. ‘బట్ ఇట్ ఈజ్ నాట్ ఇన్‌స్టాలబుల్’ అంటే ఆ ప్యాకేజీ మీరు పెట్టుకున్న ఏ రిపాజిటరీలోనూ లేదు. ‘అప్‌డేట్స్’, ‘సెక్యూరిటీ’ వరసలు సోర్సెస్‌లో ఉన్నాయో లేదో చూడండి, లేదా మిర్రర్ (రిపాజిటరీకి నకలుగా ఉండే సర్వర్) సగమే సింక్ అయి ఉంటుంది. మిర్రర్ మార్చి ‘ఆప్ట్ అప్‌డేట్’ కొడితే తేలిపోతుంది. ఫలానా వెర్షన్ ‘ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్’ అంటే కావలసినదాని బదులు ఇంకో వెర్షన్ అడ్డుపడుతోంది: ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’లో ఏదైనా కట్టేసి ఉందా, పీపీఏ (విడిగా చేర్చుకున్న రిపాజిటరీ) నుంచో ‘ప్రపోజ్‌డ్’ (ఇంకా పరీక్షలో ఉన్నవాటి రిపాజిటరీ) నుంచో పెద్ద నంబరు వచ్చి కూర్చుందా అన్నది ‘ఆప్ట్ పాలసీ’ పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే కనిపిస్తుంది. ‘నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్’ అంటే ప్యాకేజీ ఉంది, దాని కింద ఇంకేదో కుదరలేదు. అప్పుడు ఆ కింది పేరునే నేరుగా ‘ఆప్ట్ -ఎస్ ఇన్‌స్టాల్’తో అడగండి. -ఎస్ ఉంటే ఏమీ మారదు, లెక్క మాత్రమే చూపిస్తుంది. ఇలా ఒక్కో మెట్టు దిగుతూ పోతే చివరికి మొదటి రెండు మాటల్లో ఏదో ఒకటి తగులుతుంది, అదే మూలం.

‘కెప్ట్ బ్యాక్’ అని వస్తే కంగారు పడక్కర్లేదు. కొత్త కెర్నెల్ అంటే కొత్త పేరున్న ప్యాకేజీ. ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ కొత్త ప్యాకేజీలని తేదు, అందుకే ఆపుతుంది. ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ వాడండి, అది వేటిని తీస్తానంటోందో చదివాకే ‘వై’ నొక్కండి.

మెయిన్‌లైన్ (ఉబుంటు మార్పులు లేని) కెర్నెల్ ‘డెబ్’ ఫైళ్లు దించుకుని ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఇంకో అడ్డంకి: హెడర్స్ ప్యాకేజీ ‘లిబ్‌సీ6’ (సిస్టమ్ సీ లైబ్రరీ) 2.38 లేదా ఆపైది కావాలంటుంది, 22.04లో ఉన్నది 2.35. ఇమేజ్‌కీ మాడ్యూల్స్‌కీ ఈ బెడద ఉండదు. హెడర్స్‌లో మాత్రం మాడ్యూళ్లు కట్టడానికి వాడే చిన్న ప్రోగ్రాములు ముందే కంపైలై ఉంటాయి, వాటిని కొత్త లిబ్‌సీతో కట్టారు. దీనికోసం కొత్త రిలీజ్ నుంచి లిబ్‌సీ తెచ్చి వేయడం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. సిస్టమ్‌లో ప్రతి ప్రోగ్రామూ దానిమీదే నిలబడి ఉంది, వెనక్కి తేవడం చాలా కష్టం. ‘--ఫోర్స్-డిపెండ్స్’ కూడా వాడకండి, ఆ తర్వాత ఆప్ట్ ప్రతిసారీ అక్కడే అడ్డం తిరుగుతుంది. డీకేఎంఎస్ మాడ్యూళ్లు లేకపోతే హెడర్లు వదిలేయండి. ఉంటే ‘లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04’ వేసుకోండి. అది మీ రిలీజ్ లిబ్‌సీతోనే కట్టినది, సెక్యూర్ బూట్‌కి సంతకమూ ఉంటుంది. మెయిన్‌లైన్‌వాటికి ఆ సంతకం ఉండదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే గ్రబ్ వాటిని లోడ్ చేయదు.

డెబియన్ 12 (బుక్‌వార్మ్)లో బ్యాక్‌పోర్ట్స్ (ఆ రిలీజ్‌కి కొత్త వెర్షన్లు ఇచ్చే రిపాజిటరీ) కెర్నెల్ తెచ్చుకునేటప్పుడు ఇమేజ్‌నీ హెడర్స్‌నీ ఒకే కమాండ్‌లో ‘-టీ బుక్‌వార్మ్-బ్యాక్‌పోర్ట్స్’తో అడగాలి. లేకపోతే బ్యాక్‌పోర్ట్స్ ప్రయారిటీ 100 కాబట్టి హెడర్లు మామూలు రిలీజ్ నుంచే వస్తాయి, డీకేఎంఎస్ కొత్త కెర్నెల్‌కి ఏమీ కట్టదు. ఫెడోరాలో ‘నథింగ్ ప్రొవైడ్స్ కెర్నెల్-యూనేమ్-ఆర్’ వస్తే ముందే కంపైల్ చేసిన డ్రైవర్ ప్యాకేజీ (కేమాడ్) కొత్త కెర్నెల్‌ని ఇంకా అందుకోలేదని అర్థం. ఒకట్రెండు రోజులు ఆగడమో, మీ మెషీన్‌లోనే కంపైల్ అయ్యే ఏకేమాడ్‌కి మారడమో చేయండి. అక్కడ ‘ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్’ (ఉంచుకునే కెర్నెళ్ల సంఖ్య) డిఫాల్ట్‌గా 3 ఉంటుంది కాబట్టి /బూట్ నిండడం తక్కువ. ఆర్చ్‌లో ‘ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వై లినక్స్’ అని ఒక్కదాన్నే తేవడం సగం అప్‌గ్రేడ్ కిందకి వస్తుంది. ‘-ఎస్‌వైయూ’ ఒక్కటే సరైన దారి.

అన్నీ కుదిరాక, రీబూట్‌కి ముందు /బూట్‌లో కొత్త నంబరుతో వీఎమ్‌లైనజ్ (కెర్నెల్ ఫైలు), ఇనిట్‌ఆర్‌డీ రెండూ ఉన్నాయో లేదో, ఇనిట్‌ఆర్‌డీ సైజు పక్కనున్న పాతదానికి దగ్గరగా ఉందో లేదో చూడండి. మరీ చిన్నగా ఉంటే అది సగంలో తెగినది. ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే’ పక్కన ఆ వెర్షన్ ఇచ్చి మళ్లీ తయారు చేయించండి. బూట్ అయ్యాక వైఫై, సౌండ్ పోయాయంటే ఆ నంబరు ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా’ రాలేదని అనుమానించండి. అవన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాక ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’ నడపండి, పనిచేసిన పాత కెర్నెల్ ఒకటి మాత్రం ఉండనివ్వండి.