ఊరి చరిత్ర రాస్తానన్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మన ఊరి చరిత్ర రాస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా ఇంట్లో ఒకడికైనా ఆ బుద్ధి పుట్టిందని సంబరపడ్డాను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఎందుకో చెబుతాను.

ముందు కాగితాల సంగతి. శ్రీకాకుళం పేరుతో మాత్రమే వెతికితే నీకు సగం దొరకవు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మన టెక్కలి ప్రాంతం గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం. మన జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. 1948 చట్టంతో జమీందారీలు పోయాక జరిగిన సర్వే సెటిల్‌మెంట్ రికార్డులు చూడు. అయితే అందులో కనబడేది పట్టాలున్నవాళ్ళే. కుండలు చేసినవాళ్ళూ, బట్టలుతికినవాళ్ళూ, కూలికెళ్ళినవాళ్ళూ ఆ కాగితాల్లో ఎక్కడుంటారు?

ఇంకోటి. వంశధార పక్కనున్న ప్రతి ఊరినీ ఒకప్పుడు కళింగాన్ని ఏలిన ముఖలింగం గాంగరాజులకి ముడేసే సరదా మనవాళ్ళకుంది. శాసనం చూపించలేకపోతే ఆ జోలికి పోకు.

ఇక అసలు భయం. అమ్మవారి గుడి బాగుచేసినప్పుడు కమిటీవాళ్ళు గోడకి ఓ చలువరాయి పెట్టించారు, గుర్తుందా? నువ్వప్పటికి చిన్నోడివి. ‘గ్రామ నిర్మాతలు’ అని పైన రాయించి, కింద అన్నీ ఒకే ఇంటిపేరువాళ్ళ పేర్లు చెక్కించారు. డబ్బిచ్చింది వాళ్ళే, కాదనను. రాయి పెట్టిన రోజు ఎవరూ పల్లెత్తు మాటనలేదు. అమ్మవారి సంబరం, అదే జాతర, వచ్చేసరికి కింద వీధి నుంచి అమ్మవారికెత్తే ఘటం ఒక్కటీ కదల్లేదు. పెద్దలం బతిమాలడానికి వెళితే కుమ్మరోళ్ళ ముసలమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది: ‘మా మావ తవ్విన నూతిలో నీళ్ళు తాగినారు గానీ, ఆ రాతి మీద మావ పేరుకి సోటు నేకపోనాదేటి?’ మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఏడు సంబరం రెండుసార్లు జరిగింది, రెండు డప్పులు, రెండు భోజనాలు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళ మధ్య పిలుపుల్లేవు.

అందుకే ఎవరు ముందొచ్చారని అడగకు. అడిగావో, తొలి మర్యాద ఎవరిదన్న గొడవా, చెరువు గర్భం ఎవరిదన్న గొడవా కలిపి నీ నెత్తినేస్తారు. నుయ్యి ఎవరు తవ్వారు, చెరువుకి మదుం, అదే తూము, ఎవరు కట్టారు, మొదటి మంత్రసాని ఎవరు, ఇలా అడుగు. ఆడవాళ్ళని మధ్యాహ్నం పూట, కొడుకులు పక్కన లేనప్పుడు అడుగు. సంవత్సరం చెప్పమంటే చెప్పలేరు. ‘మీవాళ్ళు రంగం నుంచి నడిచొచ్చేసరికి ఈ ఇల్లుందా?’ అని చూడు. రంగం అంటే మనవాళ్ళ నోట రంగూనే. జపాన్‌వాళ్ళ బాంబులకి భయపడి బర్మా నుంచి జనం కాలినడకన వచ్చింది 1942 ప్రాంతంలోనే కదా, లెక్క నీకే తేలుతుంది.

ఎవరింట్లోనైనా దస్తావేజు చూపిస్తే అక్కడే ఫోటో తీసుకో, గుమ్మం దాటించకు. 2018లో తిత్లీ తుపానుకి ఎన్ని ట్రంకుపెట్టెలు తడిసిపోయాయో చూశాను. మిగిలినవి నీ చేతిలో పోయాయన్న మాట మనకొద్దు.

తిండి మానేసి తిరక్కు. సంక్రాంతికి ముందే రా. ఆ ముసలమ్మ పండగ కాగానే హైదరాబాద్‌లో మనవడింటికి వెళ్ళిపోతుందట. ఆవిడకి చెవుడొచ్చింది, కాస్త గట్టిగా మాట్లాడాలి.

మీ పెదనాన్న