తేమ పటం గీసే ముందు ఒక్క గడి చూడు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. అనంతపురం వేరుశనగ చేలల్లో తేమ ఎలా మారుతోందో ఉపగ్రహ డేటాతో చూడమని మీ గైడ్ గారు చెప్పారని రాశావు. పదేళ్ల ఫైళ్లూ ఒకేసారి దించేసి రంగుల పటాలు గీసేయాలన్న తొందర నీ ఉత్తరం నిండా ఉంది. ఆ పని ఆఖర్న చేద్దువు గాని. ముందు ఒక్క రోజు ఫైలు తెరువు, అందులో ఒక్క గడి, అంటే నేలను విడగొట్టిన చదరాల్లో ఒకటి, చూడు. ఆ గడిలో ఉన్న అంకె ఏ నేలది, ఏ వేళప్పటిది, నమ్మొచ్చా లేదా అన్నది నాకు ఫోన్లో చెప్పగలిగిన రోజున మిగతా ఫైళ్ల జోలికి వెళ్లు.

సరంజామా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాండాలో (పైథాన్ సామాను విడివిడిగా పెట్టుకునే సాధనం) ఈ పనికి విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ పెట్టుకో, కాలేజీ అసైన్‌మెంట్ల పైథాన్‌తో కలపొద్దు. జూపిటర్‌ల్యాబ్, ఎక్స్‌అర్రే, హెచ్5పై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఎర్త్‌యాక్సెస్ ఉంటే చాలు. మొదటిది నోట్‌బుక్ రాసే చోటు, చివరిది నాసా ఫైళ్లు దించేది, మిగతావి ఫైళ్లు చదివి గ్రాఫ్ గీసేవి. నాసా వాళ్ల ఎర్త్‌డేటాలో ఖాతా తెరిస్తే, నేల తేమ కొలిచే వాళ్ల ఉపగ్రహం స్మాప్ ఫైళ్లు ఉచితంగానే వస్తాయి. పాస్‌వర్డ్ మాత్రం నోట్‌బుక్ సెల్‌లో (కోడ్ రాసే పెట్టెలో) రాయకు. ఎర్త్‌యాక్సెస్ ఒకసారి అడిగి నీ కంప్యూటర్లోనే నెట్‌ఆర్‌సీ అనే ఫైల్లో దాచుకోగలదు. సెల్‌లో రాసింది గిట్‌లోకి (కోడ్ మార్పులన్నీ దాచే చోటు) ఎక్కిందంటే, తర్వాత చెరిపినా పాత కమిట్లలో అలాగే ఉండిపోతుంది. గూగుల్ వాళ్ల కొలాబ్‌లో చేస్తానంటే చెయ్యి, కానీ సెషన్ ముగిస్తే దించుకున్నవన్నీ పోతాయి. డ్రైవ్‌లో పెట్టుకో.

ఇక అసలు సంగతి. స్మాప్‌ను 2015 జనవరి 31న పంపారు. దాని రాడార్ ఆ జూలైలోనే ఆగిపోయింది, అప్పటినుంచి రేడియోమీటర్ ఒక్కటే బండి లాగుతోంది. 1.41 గిగాహెర్ట్జ్ దగ్గర నేల నుంచి వచ్చే సన్నని ఉద్గారాన్ని అది పట్టుకుంటుంది. నేల తడిసే కొద్దీ ఆ ఉద్గారం తగ్గుతుంది, తేమ లెక్క అక్కణ్ణుంచే వస్తుంది. అదీ పైన 5 సెంటీమీటర్ల మట్టిదే. అనంతపురం ఎర్ర నేలల్లో ఆ పొర వాన వెలిసిన రెండు మూడు రోజులకే ఆరిపోతుంది. గ్రాఫ్‌లో తేమ పడిపోయింది కదా అని పంట ఎండిపోయిందనుకునేవు, వేళ్లు ఇంకా కింద ఉంటాయి.

ఫైలు తెరవగానే కనబడేది -9999. అక్కడ కొలత లేదని దానర్థం. దాన్ని ముందు ఖాళీగా మార్చకుండా సగటు తీస్తే జిల్లా మొత్తం మైనస్‌లోకి పోతుంది, అది ఎలాగూ నీ కంటికి కనబడుతుంది. కంటికి కనబడని తప్పు ఇంకొకటి ఉంది. రోజువారీ ఫైల్లో అక్షాంశ రేఖాంశాల పట్టికలోనూ ఉపగ్రహం ఆ రోజు చూడని చోట -9999 ఉంటుంది. నువ్వు ప్రతి ఫైల్లోనూ "14.7, 77.6కి దగ్గరి గడి ఏది" అని వెతికించావనుకో, అనంతపురం మీదుగా ఉపగ్రహం వెళ్లని రోజున కోడ్ నోరెత్తకుండా ఎక్కడో దూరాన ఉన్న గడిని తెచ్చి ఇస్తుంది. ఎర్రర్ రాదు, గ్రాఫ్ అందంగానే ఉంటుంది. అందుకని ఈజ్-గ్రిడ్ 2.0 (ఈ ఫైళ్ల గడులు పరిచిన చట్రం) పూర్తి అక్షాంశ రేఖాంశాల పట్టిక విడిగా దించుకో. 9 కిలోమీటర్ల గ్రిడ్‌కైతే 1624 వరుసలు, 3856 నిలువులు ఉంటాయి. నీ గడి వరుస, నిలువు ఒక్కసారి కనిపెట్టి నోట్‌బుక్ మొదటి సెల్‌లో రాసి పెట్టుకో. అన్ని రోజులకీ అవే వాడు.

ప్రతి కొలతకూ అది నమ్మదగిందో కాదో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, క్వాలిటీ ఫ్లాగ్. దాని దగ్గర చాలామంది సున్నా ఉంటేనే మంచిదని మిగతావన్నీ పారేస్తారు. చూడాల్సింది మొదటి బిట్ (ఆ అంకెను 0, 1లలో రాస్తే కుడి చివరిది) ఒక్కటే. అది సున్నా అయితే చాలు, అంటే ఫ్లాగ్ సరి సంఖ్య అయితే తీసుకోవచ్చు. 8 ఉన్నా మంచి కొలతే. కాకపోతే ఈ సరి-బేసి పరీక్ష -9999లు తీసేశాకే చెయ్యి.

వానతో పోల్చమని మీ గైడ్ గారు తప్పకుండా అడుగుతారు. అప్పుడు వేళలు చూసుకో. స్మాప్ స్థానిక సౌర సమయం ఉదయం 6కి ఒకసారి, సాయంత్రం 6కి ఒకసారి దాటుతుంది, అనంతపురంలో మన గడియారానికి సుమారు 6.20. వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా, పైగా మర్నాటి తేదీతో రాస్తారు. 14న మధ్యాహ్నం కురిసిన వాన 15వ తేదీ కింద ఉంటుంది. అదే వానకు తడిసిన నేలను ఉపగ్రహం 14 సాయంత్రమే చూసేస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే వాన రాకముందే నేల తడిసినట్టు కనబడుతుంది! ఉదయం కొలతతోనే మొదలుపెట్టు. తేదీలు కలుస్తాయి, పైగా ఆ వేళకు నేల వేడీ మొక్క వేడీ దగ్గరదగ్గరగా ఉండి లెక్క నిలకడగా వస్తుంది.

గ్రాఫ్‌లో గీత గీయకు, చుక్కలు పెట్టు. రెండు మూడు రోజులకోసారి వచ్చే కొలత అది. 2019లో జూన్ మూడో వారం నుంచి జూలై మూడో వారం దాటేదాకా ఉపగ్రహం పని ఆపింది, సరిగ్గా మన వేరుశనగ విత్తే రోజులు. గీత గీస్తే ఆ నెలను మ్యాట్‌ప్లాట్‌లిబ్ తన ఇష్టం వచ్చినట్టు కలిపేస్తుంది. చూసినవాళ్లు ఆ ఏడు విత్తనాల వేళ నేల అలా ఉందనుకుంటారు.

9 కిలోమీటర్ల గడి అంటే 20 వేల ఎకరాలు. నిజానికి ఆ గ్రిడ్ లెక్క కట్టి సన్నం చేసింది, ఉపగ్రహం చూపు దాదాపు 33 కిలోమీటర్ల మేర. నీ పొలంలో గుచ్చిన సెన్సర్‌తో అంకెకు అంకె కలవలేదని బెంగపెట్టుకోకు. పెరుగుదల, తరుగుదల ఒకే వేళకు వస్తున్నాయేమో చూడు. గడిలో చెరువో, రిజర్వాయరో పడిందేమో కూడా చూసుకో. ఇంకోటి, ఫైల్లో తేమ 0.15 అంటే మట్టి ఘనపరిమాణంలో 15 శాతం నీరు. కళ్యాణదుర్గం వైపు ఎర్ర ఇసుక నేలలో అంత ఉంటే మొక్క ఇంకా తాగుతుంది. తాడిపత్రి వైపు నల్లరేగడిలో అదే 0.15 ఉంటే బంకమట్టి పట్టుకుని వదలదు, మొక్క వాడిపోతుంది. రెండింటికీ ఒకే రంగు వేసిన పటం చూపిస్తే ఏ రైతైనా నవ్వుతాడు. ఏ నేల ఎక్కడుందో చూపే పాత పటం ఒకటి ఇంట్లోనే ఉంది, స్కాన్ చేసి పంపిస్తాను.

నోట్‌బుక్‌లో సెల్స్‌ను కిందా మీదా పడి నడపడం అందరికీ అలవాటే, నీకూ అవుతుంది. రోజూ పని ముగించేటప్పుడు కర్నల్ (కోడ్ నడిపే ఇంజను) రీస్టార్ట్ చేసి అన్నీ మొదటినుంచి నడిపించు. ఎక్కడో చెరిపేసిన సెల్‌లోని వేరియబుల్ మీద నీ గ్రాఫ్ ఆధారపడి ఉంటే అప్పుడు బయటపడుతుంది. దించిన ఫైళ్ల ఫోల్డర్‌ను ముట్టుకోవద్దు, కత్తిరించిన జిల్లా ముక్క వేరేచోట పెట్టు.

మీటరు లోతు దాకా తేమ కావాలంటే స్మాప్‌లోనే ఎల్4 అనే ఇంకో రకం ఫైలు ఉంది, మూడు గంటలకోసారి వస్తుంది, ఖాళీలు ఉండవు. ఖాళీలు లేవంటే అర్థం చేసుకో, అది నేల మోడల్‌లో ఉపగ్రహ కొలతలు కలిపి లెక్క కట్టింది. వాడుకో, కానీ థీసిస్‌లో "ఉపగ్రహం కొలిచిన వేరు లోతు తేమ" అని రాస్తే వైవాలో పట్టుకుంటారు.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. వరుస, నిలువు నంబర్లు దగ్గర పెట్టుకో, నేనూ నా లాప్‌టాప్‌లో అదే గడి తీస్తాను.

నీ పెదనాన్న