కాస్టిక్ సోడా ప్లాంటులో అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, పంపమంటారా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మా అమ్మాయి విశాఖలో కెమికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో ఒక కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుగా సెలక్ట్ అయింది. అక్కడ క్లోరిన్ గ్యాసు ఉంటుందని, రాత్రి షిఫ్టులు ఉంటాయని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్ పంపి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమని బంధువులు అంటున్నారు. ఆ ఉద్యోగంలో పని ఎలా ఉంటుంది? పంపమంటారా?

జవాబు: పంపండి. రాత్రి షిఫ్టు వద్దని కంపెనీ వాళ్లను బతిమాలి చేర్పించే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. ఎందుకో చెబుతాను. ముందు అక్కడ జరిగే పనేమిటో చూద్దాం.

ఉప్పునీటిలోకి కరెంటు పంపిస్తే కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ వస్తాయి. ఇంటర్ కెమిస్ట్రీలో ఇది ఒక్క సమీకరణం. ప్లాంటులో మాత్రం ఆ ఉప్పునీటిని శుద్ధి చేయడమే సగం యుద్ధం. కరెంటు పంపించే తొట్లను సెల్స్ అంటారు. వాటిలో ఉండే పల్చటి మెంబ్రేన్లు (పొరలు) చాలా ఖరీదైనవి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి వంద కోట్ల పాళ్లకు ఇరవై ముప్ఫై పాళ్లు దాటితే అవి పాడవడం మొదలవుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, టన్ను కాస్టిక్ చేస్తే సుమారు 0.88 టన్ను క్లోరిన్ మనకు కావాలన్నా వద్దన్నా పుడుతుంది. కాస్టిక్‌ను ట్యాంకుల్లో నిల్వ పెట్టొచ్చు. క్లోరిన్‌ను అలా కావలసినంత దాచలేం. అందుకని కాస్టిక్‌కు ఎంత గిరాకీ ఉన్నా, క్లోరిన్ లారీలు కదలకపోతే ప్లాంటు లోడు తగ్గించాల్సిందే. ఈ లెక్క రోజూ కుదర్చడం ఇంజనీర్ల పని.

ఇది ఎక్కడో దూరపు పరిశ్రమ కాదు. కొవ్వూరులో, సగ్గొండలో ఆంధ్రా షుగర్స్ వాళ్లవి, బలభద్రపురంలో గ్రాసిమ్ వాళ్లది ఇలాంటి ప్లాంట్లే. కాగితం మిల్లులకీ సబ్బులకీ కాస్టిక్ కావాలి. ఊళ్లో వాటర్ ట్యాంకులో కలిపే మందు, మీ వైపు రొయ్యల చెరువుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు క్లోరిన్ నుంచి వచ్చినవే.

చేరిన మొదటి నెలల్లో మీ అమ్మాయికి పెద్ద పనులేవీ అప్పగించరు. పైపుల డ్రాయింగు చేత్తో పట్టుకుని, హెల్మెట్, కళ్లద్దాలు, సేఫ్టీ షూస్ వేసుకుని, ఏ లైను ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో ఎండలో తిరిగి చూసుకోవాలి. చాలామంది పిల్లలు ఇక్కడే నీరసపడతారు. ‘బీటెక్ చదివి పైపులు లెక్కపెట్టడమా’ అంటారు. లెక్కపెట్టాలండీ. పదేళ్ల తర్వాత ప్లాంటు హెడ్ కుర్చీలో కూర్చునేది అప్పుడు ప్రతి వాల్వునూ చేత్తో ముట్టుకుని చూసినవాళ్లే. ఇరవై ఏళ్లుగా ఫీల్డులో ఉన్న ఆపరేటరుకు డిగ్రీ ఉండకపోవచ్చు. పంపు శబ్దం కాస్త మారితే మాత్రం మీటరు చూపించకముందే ఆయన పసిగడతాడు. ఆయన్ని ‘గారూ’ అని పిలిచి, పక్కన నిలబడి అడిగి తెలుసుకోమనండి. కాలేజీలో నాలుగేళ్లు చదివింది అర్థమయ్యేది అక్కడే.

ఆ తర్వాత షిఫ్టులు. చాలా ప్లాంట్లలో ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు మారతాయి. కాస్త ముందే వచ్చి, దిగిపోయేవాళ్లతో మాట్లాడి, లాగ్‌బుక్ చదివి చార్జి తీసుకోవాలి. కంట్రోల్ రూములో స్క్రీన్ల మీద ఉష్ణోగ్రతలు, ప్రెషర్లు చూడటం, ల్యాబ్ రిపోర్టు వస్తే దానికి తగ్గట్టు సర్దడం, రిపేరుకు వచ్చినవాళ్లకు పర్మిట్ ఇచ్చే ముందు ఆ లైను ఖాళీ అయిందో లేదో స్వయంగా వెళ్లి చూడటం. రోజుల తరబడి అంతా సాఫీగా నడుస్తుంది. ఒక్కసారి కరెంటు సప్లై కుదుపుకు ప్లాంటు ట్రిప్ అయిందంటే, మళ్లీ స్టార్ట్ చేసి నిలబెట్టేదాకా ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. సంక్రాంతి రోజున కూడా డ్యూటీ పడుతుంది. వేడి, చప్పుడు, యూనిఫాం మీద మరకలు తప్పవు. ఇవన్నీ అమ్మాయికి ముందే తెలియాలి.

రాత్రి షిఫ్టు సంగతి మీకు నేను వివరించక్కర్లేదు. దాళ్వాలో నీటి వంతు అర్ధరాత్రి వస్తే చేలోకి వెళ్లేవాళ్లు మీరు. ప్లాంటు కూడా రాత్రని ఆగదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదనేది. కొత్త కార్మిక కోడ్‌ల కింద, వాళ్లు ఒప్పుకుంటే, తగిన భద్రతా ఏర్పాట్లతో పెట్టుకోవచ్చు. అయినా చాలాచోట్ల అమ్మాయిలను జనరల్ షిఫ్టులోనో ల్యాబ్‌లోనో కూర్చోబెడుతున్నారు. మంచి ఉద్దేశంతోనే కావచ్చు, నష్టం మాత్రం అమ్మాయికే. ఆఫీసర్లు వెళ్లిపోయాక, రాత్రి రెండింటికి అలారం మోగితే ఎవరినీ అడగకుండా నిర్ణయం తీసుకోవడం షిఫ్టులో తప్ప ఇంకెక్కడా రాదు. ఆ అనుభవం లేనివాళ్లకు ప్రొడక్షన్‌లో ప్రమోషన్ దగ్గర అడ్డుపడుతుంది. కాబట్టి క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, షిఫ్టులో ఇంకో మహిళా ఉద్యోగి ఉంటారా, విశ్రాంతి గది, బాత్‌రూమ్ దగ్గర్లో ఉన్నాయా అని గట్టిగా అడగండి. అవి ఉంటే షిఫ్టులు చేయనివ్వండి.

ఇక ప్రమాదం. మీ భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయను. 2020 మే 7న విశాఖలో ఒక ప్లాంటు ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం లీకై 12 మంది పోయారు. ఆ ట్యాంకులో స్టైరీన్ తనంతట తానే వేడెక్కుతూ పోయింది. కొలిచే పరికరం అడుగు భాగంలోనే ఉండటంతో పైన ఎంత వేడి ఉందో తెలియలేదు. విపత్తు వెనుక ఇలాంటి చిన్న నిర్లక్ష్యాలే కొన్ని పోగుపడి ఉంటాయి. వాటిని ముందే పట్టుకోవడమే కెమికల్ ఇంజనీరు ఉద్యోగం. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలను అంటుకుని పాకుతుంది. అందుకే ఈ ప్లాంట్లలో గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టాలు ఎత్తున కడతారు. లీకైతే గాలికి అడ్డంగా, ఎత్తైన చోటికి వెళ్లాలని మొదటి రోజే నేర్పిస్తారు.

ఆఫర్ లెటరులో జీతం అంకె చూసే ముందు అమ్మాయి చేత హెచ్.ఆర్. వాళ్లను ఇవి అడిగించండి. కరెంటు పూర్తిగా పోతే, తప్పించుకునే క్లోరిన్‌ను కాస్టిక్‌తో పీల్చేసే హైపో టవర్ పంపులు దేని మీద నడుస్తాయి? ఆ జనరేటరును ఎన్నాళ్లకోసారి నడిపి చూస్తారు? చుట్టుపక్కల ఊళ్లతో కలిసి మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు చేశారు? కొత్తవాళ్లను ఎన్నాళ్ల ట్రైనింగ్ తర్వాత షిఫ్టులో ఒంటరిగా వదులుతారు? సరైన ప్లాంటు వాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు, తేదీలతో సహా చెబుతారు. విసుక్కున్నా, ‘అవన్నీ మీకెందుకు’ అన్నా ఆ ఉద్యోగం వదిలేయండి, జీతం ఎంతైనా సరే. ఈ విషయంలో నేను మొహమాటపడను.

సాఫ్ట్‌వేర్ కోర్సు గురించి. అమ్మాయికి కోడింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే నేను ఆపను. బంధువుల మాట మీద అయితే వద్దు. మొదటి జీతం అక్కడ ఎక్కువ ఉండొచ్చు. కానీ చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, లక్షల మందితో పోటీకి మళ్లీ మొదటినుంచి దిగడం అవుతుంది. ఇక్కడ రెండు మూడేళ్లు షిఫ్టులు చేస్తే దారులు చాలా ఉన్నాయి: ప్రాసెస్ డిజైన్, సేఫ్టీ, పర్యావరణం, ఎనర్జీ ఆడిటింగ్ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్క తేల్చడం). కాస్టిక్ ప్లాంట్లు కరెంటును విపరీతంగా తింటాయి కాబట్టి, కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఆమెకు బాగా పనికొస్తుంది. కాకినాడలో గ్రీన్ అమోనియా ప్లాంటు వస్తోంది. దానికి కావలసిన హైడ్రోజన్‌ను నీటిలోంచి కరెంటుతోనే తీస్తారు. సెల్స్, రెక్టిఫయర్లు (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి), హైడ్రోజన్ జాగ్రత్తలు తెలిసిన ఇంజనీర్లు అక్కడ కావాలి, మీ అమ్మాయి నేర్చుకోబోయేది సరిగ్గా అదే.

ఒక్కటి మిగిలింది. ట్రైనీలకు కొన్ని కంపెనీలు రెండు మూడేళ్ల బాండ్ పెడతాయి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటారేమో సంతకం చేయకముందే చూడండి. ఒరిజినల్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు, వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తీసుకోమనండి. బాండ్ ఉంటే ఆ పేజీ ఒక్కటి నాకు పంపండి, చదివి చెబుతాను.