ధ్రువాల దగ్గర లేజర్‌తో గాలిని కొలవడానికి అడ్డొచ్చేది చలేనా?

“అంటార్కిటికా చలిలో లేజర్ యంత్రం పనిచేస్తుందా? కంటికి కనబడని గాలి వేగం దానికెలా తెలుస్తుంది?” అని అడిగారు. నేను ధ్రువాలకు వెళ్లినవాణ్ణి కాదు. చెన్నైలో గాలిమరల ప్రాజెక్టుల కోసం లైడార్లు, అంటే లేజర్ కాంతితో గాలి వేగం కొలిచే యంత్రాలు, నడుపుతుంటాను. ధ్రువాల దగ్గర వాడేవీ ఆ జాతివే కాబట్టి చెబుతున్నాను.

చలికి మందుంది: హీటరున్న పెట్టె, మంచు పట్టకుండా వేడెక్కే అద్దం. (కరెంటు ఎక్కణ్ణుంచి అన్నది వేరే గొడవ. నెలల తరబడి చీకట్లో సోలార్ ప్యానెల్ అలంకారానికే.) అసలు చిక్కు అక్కడి గాలి మరీ శుభ్రంగా ఉండటం.

మేం వాడే లైడార్‌కి గాలి కనబడదు, గాలితో కొట్టుకుపోయే ధూళి కనబడుతుంది. సుమారు 1.5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్) తరంగదైర్ఘ్యమున్న, కంటికి కనబడని పరారుణ లేజర్ పల్స్ పంపితే, రేణువులకు తగిలి రవ్వంత కాంతి వెనక్కొస్తుంది. రేణువు సెకనుకు 1 మీటరు వేగంతో మనవైపు వస్తుంటే ఆ కాంతి ఫ్రీక్వెన్సీ దాదాపు 13 లక్షల హెర్ట్జ్ పెరుగుతుంది. అసలు ఫ్రీక్వెన్సీ 193 లక్షల కోట్ల హెర్ట్జ్! అంత చిన్న తేడా దొరకాలంటే తిరిగొచ్చిన కాంతిని అదే లేజర్ కాంతితో కలిపి చూడాలి. కిరణాన్ని నాలుగు వైపులకీ వాల్చి కొలిస్తే దిశ కూడా తేలుతుంది.

ధూళి విలువ చెన్నైలో బాగా తెలుస్తుంది. భోగి తెల్లవారుజామున ఊరంతా పొగ, మాకు మాత్రం సిగ్నల్ బ్రహ్మాండం. అదే ఈశాన్య రుతుపవనాల వాన రాత్రంతా కురిసి వెలిసిందంటే, పై ఎత్తుల డేటా ఎగిరిపోతుంది. “ఏం సార్, మెషిన్ పోయిందా?” అని క్లయింటు ఫోను. అంటార్కిటికా లోపలి పీఠభూమి మీద గాలి అంతకన్నా శుభ్రం, అదీ ఏడాది పొడవునా.

ధూళి లేకపోతే గాలి అణువులనే పట్టుకోవాలి. అందుకు అతినీలలోహిత కాంతి కావాలి. 355 నానోమీటర్ల దగ్గర అణువులు కాంతిని వెదజల్లడం, మా లేజర్‌తో పోలిస్తే సుమారు 360 రెట్లు ఎక్కువ. 2018 ఆగస్టులో ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన అయోలస్ ఉపగ్రహం ఇదే కాంతితో 320 కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలిని కొలిచింది. బెలూన్లు ఎగరేసే స్టేషన్లు అరుదైన ధ్రువాల మీద ఇలాంటి కొలత బంగారమే. అయితే అణువులు తమంతట తామే సెకనుకు వందల మీటర్ల వేగంతో అన్ని దిక్కులా పరిగెడుతుంటాయి కాబట్టి తిరిగొచ్చే కాంతి ఫ్రీక్వెన్సీ చెదిరిపోతుంది, మా పద్ధతి పనికిరాదు. సున్నితమైన ఆప్టికల్ ఫిల్టర్లతో తేడా రాబట్టాలి. అయోలస్ 2023 జులై 28న కాలిపోయింది కూడా అంటార్కిటికా మీదే.

మంచు తుఫానులోనా? కాస్త మంచు రేగితే మేలే, రేణువులు దొరుకుతాయి. దట్టమైతే కిరణం ఎంతో దూరం పోదు. పైగా నిట్టనిలువుగా చూస్తే, రాలే మంచు వేగాన్నే గాలి కిందికి దిగుతోందని చూపిస్తుంది. ఆ అంకెను నేనైతే నమ్మను.

ఇంకొకటి. అక్కడ పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి జారుతుంది. దాని జోరంతా చాలాసార్లు నేలకు దగ్గరే ఉంటుంది. పల్స్ లైడార్‌కి మొదటి కొన్ని పదుల మీటర్లు కనబడవు. అందుకే పక్కన ఒక మాస్ట్ (పొడవాటి స్తంభం) నిలబెట్టి అనిమోమీటర్లు (గాలి వేగం కొలిచే మామూలు పరికరాలు) పెట్టాల్సిందే, వాటికి మంచు పట్టినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి దులపాల్సిందే.